గద్దరన్న బృందం ఆటపాట ఎదురుగా చూసినవాళ్లు ఉన్నారా? నల్లగొండ, పాలమూరు వాళ్లు జర రాయండి

మూసీ ఒడ్డు (సూర్యాపేట):

నాకు ఊహ తెలిసినప్పటి నుంచి గద్దరన్న బృందం, అదే నక్సలైటు ఉద్యమానికి పాట కట్టిన జననాట్యమండలి పాటలు వింటున్నా. మా నాయినకు సైకిల్ షాపు ఉండేది, షాపులో రేడియో, టేపు కలిసిన ఒక టూ ఇన్ వన్, పొద్దున తాళం తీసింది మొదలు గద్దరన్న గొంతు నడుస్తూనే ఉండేది. పోలీసు జీపులు ఎక్కువ తిరిగే రోజుల్లో మాత్రం క్యాసెట్లు తీసి పాత ట్యూబుల కింద పెట్టేవాడు. అట్లా పెరిగాను కాబట్టి ఏ చరణం తర్వాత ఏది వస్తుందో, కోరస్ ఎక్కడ ఎత్తుకుంటుందో నిద్రలో లేపి అడిగినా చెప్తా.

సంగతేంటంటే మా బిడ్డ ఇంటర్ చదువుతోంది. ఫోన్‌లో నాతో పాటు వింటుంది, బాగున్నాయనే అంటుంది, కానీ మొన్న ఒక మాట అడిగింది. పాట మంచిదే గానీ నాయినా, అది మొదలుకాగానే నీకు కళ్లల్లో నీళ్లెందుకు వస్తాయి అని. చెప్పబోయి ఆగిపోయా. నేను వింటున్నది ఫోన్‌లో వచ్చే పాట కాదు, చిన్నప్పుడు ఎదురుగా చూసిన ఆట. అది ఆ పిల్లకు చేరే దారి నాకు దొరకడం లేదు.

1989 చివర్లో చెన్నారెడ్డి ప్రభుత్వం వచ్చాక నిర్బంధం సడలింది, అజ్ఞాతంలో ఉన్న గద్దరన్న బయటికొచ్చాడు, 1990 ఫిబ్రవరి 18న హైదరాబాద్ నిజాం కాలేజీ గ్రౌండ్‌లో బృందం ఆడింది. మా నాయిన దానికి పోయొచ్చి వారం రోజులు వేరే ముచ్చట చెప్పలేదు. ఆ ఎండాకాలం మా దగ్గర సభ పెట్టారు, నన్ను కూడా తీసుకుపోయాడు. రెండు ట్రాక్టర్ ట్రాలీలు జోడించి స్టేజీ చేశారు. వెనక వరిగడ్డి మంట వేసి డప్పులు కాస్తున్నారు. జనం బండ్ల మీద, లారీల మీద, నడుచుకుంటూ, చీకటి పడ్డాక కూడా వస్తూనే ఉన్నారు. నన్ను ఒక లారీ క్యాబిన్ మీదికి ఎక్కించారు, అక్కడి నుంచి అంతా కనపడింది.

ఆట మొదలయ్యే ముందు బృందంలో ఒకాయన జనం మధ్య తిరుగుతూ వరికోతకు కూలి ఎంతిస్తున్నారు, ఆడవాళ్లకెంత, మగవాళ్లకెంత, చెరువు కింద పొలం ఎవరి చేతిలో ఉంది అని అడుగుతున్నాడు. ఎందుకడుగుతున్నాడో నాకు అర్థం కాలేదు. గంట తర్వాత అదే లెక్క పాటలో వచ్చింది. మా చెరువు పేరు, మా కూలి రేటు మైకులో వినపడగానే ఆడవాళ్లు కూర్చున్న వైపు నుంచి లేచిన కేక ఉంది చూడండి, దాన్ని నేను మళ్లీ ఏ క్యాసెట్‌లోనూ వినలేదు. గజ్జెల కాళ్లు పడుతుంటే ట్రాలీ ఇనుప రేకు కూడా మోగేది. పాట ఆగేది, మాట నడిచేది, మాట మధ్యలోనే డప్పు అందుకునేది, మళ్లీ పాట.

నాకు కావాల్సింది ఏంటంటే, ఇట్లా చూసినవాళ్లు మీకు గుర్తున్నది గుర్తున్నట్టు రాయండి. ఎక్కడ, ఏ కాలంలో, ఏం చేశారు, జనం ఎట్లా ఉన్నారు. స్టూడియోలో చేసినవి కాకుండా సభల్లో రికార్డు చేసిన టేపులు ఎవరి దగ్గరైనా ఉంటే అది కూడా చెప్పండి. చూసినవాళ్లు తగ్గిపోతున్నారు, మా నాయిన కూడా లేడు ఇప్పుడు.

దేవరకొండ సార్:

తమ్మీ, మంచి పని మొదలుపెట్టావు. నేను రిటైర్డ్ టీచర్‌ని, ఈ బృందాన్ని 80ల మొదట్లో ఒకసారి, 90లో కొన్నిసార్లు, ఆ తర్వాత గద్దర్ ఒక్కడే వచ్చిన సభలు చాలా చూశాను.

వాళ్లది ఆట, మాట, పాట. మూడూ ఉంటేనే అది కార్యక్రమం. క్యాసెట్‌కు వచ్చేసరికి పాట ఒక్కటే మిగిలింది, అది కూడా కుదించింది. ఒక్క పాటను అరగంట నడిపిన రాత్రులు ఉన్నాయి. జనం ఎక్కడ కదులుతున్నారో చూసి అక్కడ సాగదీసేవాడు, పిల్లలు నిద్రకు వస్తున్నారనిపిస్తే వెంటనే దరువు మార్చేవాడు. గద్దర్ మొదట్లో బుర్రకథ చెప్పినవాడు, ఆ శిక్షణ చివరిదాకా ఆయన ఒంట్లో ఉంది. బుర్రకథలో కథకుడు ఆగితే వంతలు, అంటే పక్కన నిలబడి పాడేవాళ్లు, అందుకోవాలి కదా, ఈ బృందంలో కోరస్ చేసింది కూడా అదే, కాకపోతే ఇక్కడ జనం కూడా వంతలే. 1972లో జననాట్యమండలి మొదలైనప్పుడు ఒక పక్క ఈయన తెలంగాణ ఒగ్గు, భాగోతం బాణీలు, ఇంకో పక్క వంగపండు ప్రసాదరావు ఉత్తరాంధ్ర బాణీలు, ఈ రెండూ కలిసి ఒక కొత్త దారి పడింది. ఆ బలం ఎంతని చెప్పాలంటే, తర్వాత ఏ పార్టీవాళ్లు పాట పెట్టినా ఆ నడకే పట్టుకున్నారు.

నేను మరిచిపోలేనిది గొంగడి. ఒక్క గొంగడి, ఒక్క కర్ర. గొంగడి చుట్టి చేతుల్లోకి తీసుకుంటే చంటిపిల్ల, నెత్తిన వేసుకుంటే వానలో నాట్లేసే తల్లి, భుజాన మడిచేస్తే దొర గడీ ముందు నిలబడ్డ జీతగాడు. వేరే సామాను ఏమీ లేదు. ముందు వరసలో కూర్చున్న ముసలవ్వ ఆ గొంగడిని చూసి బిడ్డా అని పిలిచింది, నేను నా చెవులతో విన్నా.

1997 ఏప్రిల్ 6న హైదరాబాద్ అల్వాల్ దగ్గర వెంకటాపురంలో ఇంటి దగ్గరే ఆయన మీద కాల్పులు జరిగాయి. ఒక తూటా వెన్నుపూస దగ్గర తీయడానికి వీలులేక అట్లాగే ఉండిపోయింది. ఆ తర్వాత మొదటిసారి నల్లగొండ జిల్లాలో ఒక సభకు వస్తే మేమంతా ఈసారి కూర్చొని పాడతాడేమో అనుకున్నాం. గజ్జె కట్టే వచ్చాడు. పక్కనున్న కుర్రవాళ్లు రెండు చేతులు అడ్డం పెట్టుకొని నిలబడ్డారు ఎక్కడ పడతాడో అని, ఆయన మాత్రం స్టేజీ ఈ చివర నుంచి ఆ చివరకు ఎగిరాడు. నేను లెక్కల మాస్టరుని, భావోద్వేగం తక్కువ మనిషినని మా ఇంట్లో అంటారు. ఆ రోజు మాత్రం తట్టుకోలేకపోయా.

ఇంకో మాట. బండెనక బండి కట్టి పాట గద్దర్ రాశాడని చాలామంది పిల్లలు అనుకుంటున్నారు. అది సాయుధ పోరాట కాలంలో బండి యాదగిరి కట్టిన పాట. మా భూమి సినిమాలో గద్దర్ పాడడం వల్ల ఊరూరికీ చేరింది. మన జిల్లా గడ్డ మీద పుట్టిన పాట ఇది, కట్టిన మనిషి పేరు కూడా మన పిల్లలకు తెలియాలి.

టేపు సంగతి అడిగావు. ఉంది. 90లో మాతో పనిచేసిన సైన్సు మాస్టారు చిన్న టేప్ రికార్డరు సంచిలో పెట్టుకొని వచ్చి సభ మొత్తం ఎక్కించాడు. ఆయన పోయాక వాళ్లింటివాళ్లు నాకిచ్చారు. ఏళ్ల తరబడి బీరువాలోనే ఉంది, పాడుతుందో లేదో చూడలేదు.

అచ్చంపేట వలసపక్షి:

అందరికీ నమస్కారం. మాది నల్లమల అంచున ఊరు. అన్నా, మీరు రాసింది చదివితే ఒళ్లు జలదరించింది, కానీ ఒక విషయంలో నేను ఒప్పుకోను. క్యాసెట్‌ను తక్కువ చేయకండి.

మా అమ్మానాయిన మేస్త్రి కింద ముంబై పోయేవాళ్లు, మట్టిపనికి. పాలమూరు లేబర్ అంటే దేశమంతా తెలుసు కదా, ఆ లేబర్‌లో వాళ్లు కూడా. నేను ఆ రేకుల షెడ్డుల్లోనే పెరిగా. అక్కడ సభలెక్కడివి, స్టేజీ ఎక్కడిది. ఊరికి పోయొచ్చినవాళ్లెవరో ఒక క్యాసెట్ తెస్తే పదిమంది ఒక దగ్గర చేరి వినేవాళ్లు. పనిలో మా నాయిన చెయ్యి విరిగి ఇంట్లో ఉన్న రోజుల్లో రోజంతా వాటినే విన్నాం. ఆ మేస్త్రి ఇవ్వాల్సిన పైసలు ఇవ్వకుండా తిప్పుతుంటే, పాటలో చెప్పిందీ మాకు జరుగుతున్నదీ ఒకటే అని మా నాయినకు అర్థమై, మిగతావాళ్లను కూడగట్టి అడగడానికి పోయాడు. మా పాట మా దగ్గరికి టేపులోనే వచ్చింది. మీకు ట్రాలీ మోత ఎట్లనో మాకు టేపు గరగర అట్ల.

ఎదురుగా చూడడం అంటే నేను ఊరికి వచ్చాకనే, అది కూడా గద్దరన్న కంటే ముందు గోరటి వెంకన్నను. ఆయనది మా పక్కనే గౌరారం, నాగర్‌కర్నూల్ వైపు. మైకు సరిగ్గా పనిచేయకపోతే దాన్ని పక్కకు పెట్టి గజ్జె కట్టి దిగి పాడాడు, వాగులు, తుమ్మచెట్లు, పిట్టలు, మా అవ్వలు మాట్లాడే మాటలు అన్నీ ఆ పాటల్లో ఉన్నాయి. గద్దరన్న పాట వింటే లేచి నిలబడాలనిపిస్తుంది. వెంకన్న పాట వింటే అక్కడే కూలబడి మన ఊరిని తలుచుకోవాలనిపిస్తుంది. రెండూ కావాలి. 2021కి ఆయనకు వల్లంకి తాళం పుస్తకం మీద కేంద్ర సాహిత్య అకాడమీ ఇస్తే మా మండలంలో మా ఇంటికే వచ్చినంత సంబరపడ్డాం.

ఇంకా వెనక్కి పోతే మొగులయ్య తాత. పద్మశ్రీ రాకముందు, సినిమాలో పాడకముందు, సంతలో పన్నెండు మెట్ల కిన్నెర పట్టుకొని పండుగ సాయన్న కథ చెప్పేవాడు. బొంగుకు సొరకాయ బుర్రలు కట్టి, మెట్లను మైనంతో అతికించిన వాయిద్యం. ఉన్నోడి దగ్గర దోచి లేనోడికి పంచిన సాయన్న కథ అది, మా పాలమూరు కథ. బియ్యం కొనడానికి వచ్చినవాళ్లు బియ్యం మరిచిపోయి నిలబడేవాళ్లు. బృందం లేదు, కోరస్ లేదు, ఒక్కడే. మూసీ ఒడ్డు అన్నా, మీ లిస్టులో ఇది కూడా రాసుకోండి.

భువనగిరి కోట:

అందరూ మగవాళ్లే రాస్తున్నారు కాబట్టి నేను కూడా చెప్తా.

ఆ సభల్లో ముందు వరస ఎప్పుడూ ఆడవాళ్లదే. చంకలో పిల్లలు, కొంగున కట్టుకొచ్చిన పేలాలు, రాత్రి రెండైనా లేవరు. మా అమ్మ బీడీలు చుట్టేది, పాట వింటూ చేతులు ఊరికే బీడీ చుడుతున్నట్టు కదులుతుండేవి, నాకు గుర్తుంది. కోరస్‌లో ఆడగొంతు వచ్చినప్పుడు ఆ వరసలో జరిగే కదలిక వేరే. మగవాడు ఆడదాని కష్టం పాడితే ఏడుస్తాం. ఆడదే పాడితే వెన్ను నిటారవుతుంది.

నాకు ఆ మనిషి బెల్లి లలిత. మా భువనగిరిలో స్పిన్నింగ్ మిల్లు కార్మికురాలు. 1997లో భువనగిరి తెలంగాణ సభ నాటి నుంచి ఎక్కడ మీటింగు పెట్టినా లలితక్క ఉందా అని అడిగి పోయేవాళ్లం. పెద్ద బృందం ఏమీ ఉండేది కాదు, ఒక డప్పు, ఇద్దరో ముగ్గురో వంత. మైకు లేకపోయినా సందు చివర దాకా వినపడే గొంతు. షిఫ్టు దిగి వచ్చిన బట్టలతోనే పాడడం చూశాను, జుట్టు మీద ఇంకా దూది నూగు ఉండేది. 1999లో ఆమెను చంపేశారు, ఎట్లా చంపారో ఇక్కడ రాయలేను. ఆమె గొంతు రికార్డులు చాలా తక్కువ. అచ్చంపేట తమ్ముడు క్యాసెట్‌ను తక్కువ చేయొద్దన్నాడు చూడండి, అది నూటికి నూరుపాళ్లు నిజం. లలితక్క పాడిన సభలు నేను చూశాను, నా పిల్లలకు వినిపించడానికి మాత్రం నా దగ్గర ఏమీ లేదు.

తర్వాత విమలక్కను చూసినప్పుడు కొంత కుదుటపడ్డాను. ఆలేరు మనిషి, అరుణోదయ అనే పాటల సంస్థ ఆమెది. ఆమె మా ఊరి మీదుగా బహుజన బతుకమ్మ ఆడించినప్పుడు స్టేజీ, జనం అనే తేడానే లేదు, అందరం వలయంలోనే ఉన్నాం. చూడ్డానికి ఎవరూ మిగలలేదు.

పలక దరువు (హుజూర్‌నగర్):

నేను డప్పు కొడతా, మా తాత నుంచి వస్తున్న పని. మూసీ ఒడ్డు అన్న ఎదురుగా చూసింది ఫోన్‌లో ఎందుకు దొరకదో, నాకు తెలిసిన కారణం చెప్తా.

క్యాసెట్లో మీకు వినపడేది ఎక్కువగా డోలక్. పలక, అంటే మా డప్పు, శబ్దం మైకును కొట్టేస్తుంది, అందుకని రికార్డింగులో దాన్ని దూరం పెడతారు లేదా తగ్గిస్తారు. ఎదురుగా అయితే పలకే రాజు. మంటకు కాస్తే చర్మం బిగుస్తుంది, సిర్రతో, అంటే లావు పుల్లతో, కొట్టే దెబ్బ ఛాతీలో తగులుతుంది, సిటికెన పుల్లతో వచ్చే సన్నదెబ్బ చెవిలో తిరుగుతుంది. ఈ రెండింటి మధ్యలో గజ్జె. పాట మధ్యలో చర్మం చల్లబడితే శబ్దం మొద్దుబారుతుంది, అందుకే రెండు పలకలు ఉండాలి, ఒకటి వాయిస్తుంటే ఒకటి మంట దగ్గర. ఫోన్ స్పీకర్‌లో ఆ కింది దెబ్బ అసలు రాదు. మీ పాపకు ఒకసారి మంచి పెద్ద స్పీకర్‌లో వినిపించండి, లేదంటే మా దగ్గరికి తీసుకురండి, నేనే కొట్టి చూపిస్తా.

నేను పెద్ద బృందాలతో తిరగలేదు, తెలంగాణ ఉద్యమంలో పెట్టిన ఆటపాటల సభలు, ధూంధాంలకు కొట్టా. 2011 సకల జనుల సమ్మె అప్పుడు హైవే మీద వంటావార్పు పెడితే రోజూ అదే పని. పొద్దంతా దరువు, రోడ్డు మీదే తినడం. ఆ నలభై రెండు రోజుల సమ్మెలో ఆఫీసర్లు, లాయర్లు, టీచర్లు పలక అడిగి తీసుకొని మెడలో వేసుకున్నారు. మా తాతను ఊళ్లో చావుకు మాత్రమే పిలిచేవాళ్లు, డప్పు ముట్టుకుంటే మైల అనేవాళ్లు. దాన్ని జనం చేతిలోకి, స్టేజీ మధ్యలోకి తెచ్చింది జననాట్యమండలి. నేను గద్దరన్న అభిమానిని ఎందుకయ్యానంటే పాటకంటే ముందు ఇది చెప్తా.

2023 ఆగస్టు 6న ఆయన పోయారని తెలియగానే పలక తీసుకొని హైదరాబాద్ బస్సెక్కా. ఎల్‌బీ స్టేడియంలో ఉంచారు కదా. అక్కడ ఎవరికి ఎవరూ చెప్పలేదు, ఒక మూల నుంచి ఒకరు ఎత్తుకుంటే ఇంకో మూల కోరస్. ఆదిలాబాద్ నుంచి వచ్చినవాళ్లు, ఖమ్మం నుంచి వచ్చినవాళ్లు, ఒకరికొకరు తెలియని కళాకారులు, అందరికీ చరణాలన్నీ నోటికి వచ్చు. నాలాంటివాళ్లు ఎంతమంది ఉన్నారో అప్పుడే చూశా. మర్నాడు అల్వాల్‌లో ఆయన పెట్టిన స్కూలు దగ్గర ఖననం చేసేదాకా చేతులు ఆగలేదు.

దేవరకొండ సార్, ఆ టేపును దయచేసి అట్లాగే టేప్ రికార్డర్‌లో వేయకండి. తెల్లటి బూజు ఉందేమో ముందు క్యాసెట్ మీది చిన్న కిటికీలోంచి చూడండి. బూజు ఉంటే అసలు తిప్పొద్దు, హెడ్డుకు అంటుకొని మిగతా టేపులు కూడా పోతాయి. లేకపోతే ఒకసారి ఈ చివర నుంచి ఆ చివరకు మెల్లగా తిప్పి, హెడ్డును స్పిరిట్ దూదితో తుడిచి, అప్పుడు వేయండి. లోపల చిన్న స్పాంజి ముక్క ఉంటుంది, అది ఊడితే శబ్దం మందగిస్తుంది, వేరే ఖాళీ క్యాసెట్ డబ్బాలోకి టేపు మార్చుకోవచ్చు.

దేవరకొండ సార్:

ఇప్పుడే బీరువా తెరిచి చూశాను. బూజు లేదు. మూడు క్యాసెట్లు, పైన మాస్టారు చేతిరాత ఉంది, నల్లగొండ అని, తేదీ చెరిగిపోయింది. ముట్టుకోలేదు, మళ్లీ గుడ్డలో చుట్టి పెట్టాను. నా దగ్గర టేప్ రికార్డరు పనిచేయడం లేదు.

మూసీ ఒడ్డు:

సార్, చదువుతుంటే చేతులు వణికాయి. మా షాపులోని టేప్ డెక్ నా దగ్గరే ఉంది, బెల్టు మార్పించా, నడుస్తుంది. లాప్‌టాప్ తెస్తా, ఆడాసిటీ అని ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది, దాంట్లో ఎక్కిద్దాం. ఆదివారం మీకు వీలైతే నల్లగొండ క్లాక్‌టవర్ దగ్గర కలుద్దాం, లేదా దేవరకొండకే నేను వస్తా, క్యాసెట్లు బస్సులో తీసుకురావడం మీకు ఇబ్బందేమో.

భువనగిరి అక్కా, ఒక విన్నపం. లలితక్క సభల గురించి మీకు గుర్తున్న పాటలు, కనీసం పల్లవులైనా, మీ గొంతుతో ఫోన్‌లో రికార్డు చేసి పెట్టండి. రాగం మీకు తెలుసు, అది కాగితం మీద రాదు.

భువనగిరి కోట:

నా గొంతు బాగుండదని ఇన్నేళ్లూ పాడలేదు తమ్ముడూ. సరే, పాడతా. మా చిన్నమ్మకు నాకంటే ఎక్కువ వచ్చు, ఇద్దరం కూర్చొని చేస్తాం.

పలక దరువు:

ఎక్కించేటప్పుడు ఒక జాగ్రత్త అన్నా. ఆడాసిటీలో నాయిస్ తీసేసే బటన్ నొక్కకండి. చాలామంది శుభ్రం చేస్తున్నామనుకొని జనం కేకలు, ఈలలు, పిల్లల ఏడుపు అన్నీ పాడుచేస్తారు. మనకు కావాల్సిందే అది. ఉన్నది ఉన్నట్టు డబ్ల్యూఏవీ ఫైలుగా దాచండి, పంచుకోవడానికి వేరే ఎంపీ3 చేసుకోండి. ఒక కాపీ హార్డ్ డిస్క్‌లో, ఒకటి వేరే ఇంట్లో.

అచ్చంపేట వలసపక్షి:

నాకు కూడా ఒక కాపీ. మా నాయిన పుణెలో ఉన్నాడు ఇప్పుడు, పంపిస్తా. జనం కేకలు ఉంచండి, అది మాకు ఎప్పుడూ దొరకలేదు.

మూసీ ఒడ్డు:

అట్లాగే ఉంచుతా తమ్మీ. పలక దరువు అన్నా, డెక్ నుంచి లాప్‌టాప్‌కు వైరు ఏది తేవాలి, రెండు వైపులా సన్న పిన్ను ఉన్నదా, ఒక వైపు ఎర్ర తెల్ల పిన్నులు ఉన్నదా?

పలక దరువు:

డెక్ వెనక లైన్ అవుట్ ఉంటే ఎర్ర తెల్లది, లేకపోతే హెడ్‌ఫోన్ బొక్క నుంచి సన్నపిన్నుది. రెండూ తెండి, పెద్ద ఖర్చేమీ కాదు. లాప్‌టాప్‌కు మైకు పెట్టే చోటు వేరేగా లేకపోతే చిన్న యూఎస్‌బీ సౌండ్ కార్డు కావాలి, నా దగ్గర ఉంది, ఆదివారం నేనే తీసుకొస్తా. దేవరకొండ అయితే సాగర్ మీదుగా బండి మీద వచ్చేస్తా.